నీరు నిలవని పందిరి

శ్రీరామనవమికి వేసే చలువపందిరికి వానతో పని లేదు. చైత్రంలో లేస్తుంది, తాటాకో కొబ్బరాకో కప్పుకుని నీడనిస్తుంది, పెళ్లిళ్లు అయ్యేసరికి ఊడదీస్తారు. పెరటి పందిరి అలా కాదు. దానికి పని మొదలయ్యేదే మృగశిర కార్తెతో. తొలకరికి గింజ పెడితే ఆరుద్ర దాటేసరికి తీగ పైకెక్కడానికి ఆసరా వెతుక్కుంటుంది. అక్కడి నుంచి కార్తీకం దాకా పందిరి నిలబడాల్సింది వానలోనే. మా కోనసీమలో నైరుతి వెళ్లీ వెళ్లకముందే ఈశాన్యం అందుకుంటుంది. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల పైచిలుకు వాన, పక్కనే కాలువ, ఆ పైన సముద్రపు గాలి. ఇలాంటి చోట పందిరి వేసేవాడు నీడ సంగతి తర్వాత చూసుకోవాలి. ముందు చూడాల్సింది నీళ్ల సంగతి.

ఇప్పుడు ఇంటి ప్లానుల్లో పెరటి వైపు పెర్గోలా అని గీస్తున్నారు. నాలుగు స్తంభాలు, రెండు దూలాలు, పైన వరసగా చెక్క పట్టీలు. చూడముచ్చటగానే ఉంటుంది. రెండు మూడు వర్షాకాలాలు గడిచాక వెళ్లి స్తంభం మొదట్లో స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడండి. చాలా చోట్ల వెన్నలోకి దిగినట్టు దిగుతుంది.

నేలలో పాతిన భాగమంతా కుళ్లుతుందనుకుంటాం. పీకి చూస్తే అడుగు కొస గట్టిగానే ఉంటుంది. చెడేది నేలమట్టం దగ్గర, జానెడు పైన, జానెడు కింద. కర్రను తినే బూజుకు తేమా కావాలి, గాలీ కావాలి. లోతున తేమ ఉన్నా గాలి అందదు. పైన గాలి ఉన్నా తేమ ఆరిపోతుంది. రెండూ కలిసే చోటు అదొక్కటే. కర్రలో తేమ 20 శాతం లోపు ఉన్నంతకాలం ఆ బూజు ఎదగలేదు. వానల దేశంలో వడ్రంగి చేసే పనంతా ఈ ఒక్క లెక్క చుట్టూనే తిరుగుతుంది: తడవకుండా ఆపలేం, తడిసినదాన్ని త్వరగా ఆరనివ్వగలం.

గుంత తీసి, స్తంభం నిలబెట్టి, చుట్టూ కాంక్రీటు పోసేస్తే సరిపోతుందని చాలామంది మేస్త్రీలు అంటారు. మొదటి వేసవికే కర్ర ముడుచుకుని, కాంక్రీటుకూ దానికీ మధ్య సన్నని సందు పడుతుంది. వాన నీళ్లు అందులోకి దిగుతాయి, బయటికి వచ్చే దారి ఉండదు. గట్టిదనం కోసం పోసిన కాంక్రీటే మొదలును ఏడాది పొడుగునా తడిగా ఉంచుతుంది.

మా వైపు పాత మండువా లోగిళ్లలో టేకు స్తంభాలు రాతి దిమ్మెల మీద నిలబడతాయి, నేలలో పాతరు. కర్రకూ మట్టికీ మధ్య రాయి అడ్డుంటుంది. ఈ తెలివిని పందిరికి తెచ్చుకోవచ్చు గానీ ఉన్నదున్నట్టు తేలేం. లోగిలి స్తంభం మీద పెంకుల కప్పు బరువంతా ఉంటుంది, ఆ బరువే దాన్ని కదలనివ్వదు. పందిరి తేలిక. గాలి కింది నుంచి ఎత్తితే లేచిపోతుంది. కాబట్టి దిమ్మెతో పాటు పట్టు కూడా కావాలి. నేను నమ్మే పద్ధతి ఇది: రెండున్నర అడుగుల లోతు నుంచి కాంక్రీటు దిమ్మె, నేలకు తొమ్మిది అంగుళాల పైదాకా. దాని తల చదునుగా కాకుండా నాలుగు వైపులా వాలుగా. అందులోనే గాల్వనైజ్ చేసిన ఇనుప పట్టీలు నిలబెట్టి పోయించాలి. స్తంభం దిమ్మెకు తగలకుండా అంగుళం ఎత్తున పట్టీల మధ్య కూర్చుంటుంది, బోల్టులు అడ్డంగా వెళ్తాయి. అడుగున గాలి ఆడుతుంది.

గుంతలు తవ్వడానికి మాకు ఒకటే అదను, కాలువలు కట్టేసిన రోజులు. గోదావరి డెల్టాలో వేసవిలో కాలువలకు నీళ్లు ఆపి మరమ్మతులు చేస్తారు. అప్పుడే నేలలో నీటిమట్టం దిగుతుంది. జూన్‌లో నీళ్లు వదిలాక తవ్వితే గుంతలోకి ఊట వస్తుంది, కాంక్రీటు పలచబడిపోతుంది.

ఈ పని నాకు నేర్పిన పెద్దాయన పడవలు కట్టిన వడ్రంగి. నీళ్లలో ఉండే కర్రతోనే బతికిన మనిషి కనుక ఆయన చూపు మొదట కొసల మీద పడుతుంది. "కర్ర పక్కల్నించి తాగేది తక్కువండీ, కోసిన కొసల్నించి తాగుద్ది. ఆ కొసలు కాయండి, మిగతాది అదే చూసుకుంటాది" అంటాడు. చెట్టు వేరు నుంచి నీళ్లు పైకి తీసుకెళ్లిన గొట్టాలే కోత దగ్గర నోళ్లు తెరుచుకుని ఉంటాయి మరి. అందుకే దూలాల కొసలను నిలువుగా తెంపకుండా కిందికి ఏటవాలుగా కోసి, పడవలకు పూసే జీడిపెంకు నూనె పట్టిస్తాం. చేతికి తగిలితే బొబ్బలెక్కుతుంది, తొడుగులు వేసుకోవాలి. కుసి దిగే బెజ్జం పైకి తెరుచుకుని ఉంటే అది నీళ్ల గుంట అయిపోతుంది కనుక అడుగున సన్నని రంధ్రం విడుస్తాం. స్క్రూలు పైనుంచి దించం, పక్క నుంచో కింద నుంచో బిగిస్తాం.

కర్ర ఎంపికలో చేవ ముఖ్యం. టేకు అని బిల్లు మీద రాసి ఉంటే చాలదు. లేత మానులో బయటి తెల్ల చెక్క ఎక్కువ, అది ఏ నాసి కర్రకూ తీసిపోకుండా చెడుతుంది. తాటికి లెక్క తిరగబడుతుంది: చేవ బయటివైపు, లోపల మెత్తన. ముదురు మానును చీల్చి ఆ బయటి భాగాన్నే దూలాలు తీస్తారు. వెదురైతే కొన్ని వారాలు నీళ్లలో నానేయాలి. పుచ్చు పురుగు వచ్చేది దాని లోపలి పిండిపదార్థం కోసం, నానితే అది చాలావరకు కారిపోతుంది.

పైకప్పు దగ్గర వానకూ ఎండకూ తగువు వస్తుంది. పట్టీ వెడల్పు వైపు పైకి పెట్టి పడుకోబెడితే నీడ బాగా వస్తుంది, నీళ్లూ దాని మీదే నిలుస్తాయి. అంచు మీద నిలబెడితే నీళ్లు జారిపోతాయి, నీడ తగ్గుతుంది. పెర్గోలా పుట్టిన ఇటలీలో సూర్యుడు ఏ రోజూ సరిగ్గా నడినెత్తికి రాడు. ఏటవాలు ఎండకు నిలబెట్టిన పట్టీలే నీడ ఇస్తాయి. మనం ఉన్నది 16, 17 డిగ్రీల అక్షాంశం మీద. మే మొదటి పది రోజుల్లో ఒకసారి, ఆగస్టు మొదటి పది రోజుల్లో ఒకసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు తల మీదే ఉంటాడు. ఆ ఎండ పట్టీల మధ్య నుంచి నిటారుగా దిగుతుంది. పట్టీలను ఉత్తర దక్షిణాలుగా వేస్తే పొద్దుటి ఎండ, సాయంత్రపు ఎండ ఆగుతాయి. మధ్యాహ్నపు ఎండకు ఆకే దిక్కు. వానాకాలంలో తీగ, వేసవిలో కొబ్బరాకు.

ఈ తగువుకు మన పాతకాపులు చూపిన పరిష్కారం నాకు ఎంతో ఇష్టం. నిలిచేదాన్ని గట్టిగా కట్టు, మారేదాన్ని తేలిగ్గా కట్టు. రాయి దొరికే తెలంగాణలో, రాయలసీమలో రాతి కడీలు పాతి తీగలు లాగుతారు. ఉద్యాన శాఖ రాయితీతో వేసే శాశ్వత పందిళ్లదీ అదే పద్ధతి. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబెషాహి ద్రాక్ష పాకినవీ అలాంటి పందిళ్లే. మా ఒండ్రునేలలో రాయి లేదు, లారీలో రావాలి. అందుకే కర్రతో ఇంత తంటా.

పైన పాలీకార్బనేట్ షీటు వేస్తే ఏ గొడవా ఉండదని సలహా ఇచ్చేవాళ్లున్నారు. తుపానుల తీరంలో ఉన్నవాళ్లు ఆ మాట వినకూడదని గట్టిగా చెబుతాను. 1996 నవంబరు 6 రాత్రి కొబ్బరితోటలు ఎలా నేలకూలాయో కోనసీమ చూసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఏం చేసిందో రాష్ట్రమంతా చూసింది. షీటు కింద చేరిన గాలి ఫ్రేమును స్తంభాలతో సహా లాగుతుంది. ఖాళీల పందిరిలోంచి గాలి దాటిపోతుంది. తడిసిన దట్టమైన తీగ కూడా గాలిని ఆపుతుంది కనుక దాన్ని కొబ్బరి తాడుతోనే కట్టాలి. నెలల తరబడి నీళ్లలో నానబెట్టి తీసిన పీచు అది, వానకు అంత తొందరగా చివకదు. తుపాను హెచ్చరిక వస్తే కత్తితో నాలుగు కట్లు కోసి తీగను దించేయవచ్చు. బైండింగు వైరైతే వెదురును కోస్తుంది, అవసరానికి ఊడదు.

ఎత్తు ఎంతుండాలన్నది పొట్ల చెబుతుంది. కాయ మూరల పొడుగున వేలాడుతుంది, వంకరపోకుండా కొసకు చిన్న రాయి కూడా కట్టాలి. ఏడున్నర అడుగులు ఉంటే ఆ కాయల పక్క నుంచి మనిషి ఒదిగి నడవచ్చు, స్టూలు లేకుండా కోయచ్చు. బీర, కాకర, దొండ అంతకంటే సులువు. కాగితపు పూల చెట్టును మాత్రం ఈ పందిరికి ఎక్కించకండి. ముదిరితే దాని కాండమే ఒక దూలం బరువుంటుంది, ఏటా దించే వీలుండదు.

వచ్చే వేసవికి పందిరి వేద్దామనుకునేవాళ్లు కొలతలు ఇప్పుడే, వానలుండగానే తీసుకోండి. జోరుగా కురిసే రోజు గొడుగేసుకుని పెరట్లోకి వెళ్లండి. చూరు నీళ్లు ఎక్కడ పడుతున్నాయో, ఎటు పారుతున్నాయో, ఎక్కడ గంటకు పైగా నిలుస్తున్నాయో చూసి, అవి తగలని చోట నాలుగు మేకులు దిగ్గొట్టి పురికొస కట్టేయండి. మేకుల చతురం సరిపోయిందో లేదో మూలమట్టంతోనో మూడు, నాలుగు, ఐదు అడుగుల కొలతతోనో వానలు వెలిశాక చూసుకోవచ్చు.