ఎడమ బొటనవేలి గురి

కీబోర్డు, మౌసు పక్కనే ఉన్నా కంట్రోలర్ పట్టుకుని తుపాకీ ఆటలు ఆడేవాడంటే మన పీసీ గేమర్లకు కాస్త చిన్నచూపు. మౌసుకున్న గురి దానికెక్కడిది, అది టీవీ ముందు కాళ్లు చాపుకుని కూర్చునేవాళ్ల వ్యవహారం అని తీసిపారేస్తారు. సగం నిజమే. ఆడే మనిషి కళ్లలోంచే లోకాన్ని చూసే ఫస్ట్ పర్సన్ ఆటల్లో మౌసుకు సాటి లేదు, అక్కడ నాకు పేచీ లేదు. నా పేచీ అంతా రెండో రకం గురించి. అందులో మన మనిషి వీపు మనకు కనపడుతుంటుంది. వాడి భుజం మీదుగా వీధీ, గోడా, గోడ వెనకాల ఎదురుచూసే శత్రువూ కనపడతారు. ఈ థర్డ్ పర్సన్ ఆటలకు పీసీలోనైనా సరే కంట్రోలరే తగినదని నా వాదన. కారణం గురి కాదు, నడక.

మా నెల్లూరు వైపు ఈ వాదన ఎవరికీ ఎక్కకపోవడానికి వెనక కొంత కథ ఉంది. మా తరం మొదట ఆడింది టీవీకి తగిలించుకునే వీడియో గేమ్. వేసవి సెలవుల్లో అద్దెకు తెచ్చుకుని, క్యాసెట్‌లో దుమ్ము ఉఫ్ మని ఊది, కాంట్రా ఆడేవాళ్లం. ఆ తర్వాత ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ మా ఇళ్లకు రాలేదు. నేరుగా ఇంటర్నెట్ సెంటర్లకు పోయాం. ట్రంకురోడ్డు సందుల్లో గంటకింత అని కట్టి వైస్ సిటీ ఆడాం. చీట్ కోడ్లు లెక్కల నోటుబుక్కు చివరి పేజీలో ఉండేవి. ఆ ఆట 2002లో ప్లేస్టేషన్ 2 మీద వచ్చింది, మరుసటి ఏడాది పీసీకి వచ్చింది. ప్లేస్టేషన్‌లో బటన్ నొక్కితే దగ్గర్లో ఉన్నవాడి మీదికి గురి దానంతటదే పోయి అతుక్కునేది. పీసీలో మౌసుతో మనమే పెట్టుకోవాలి. దాంతో కంట్రోలర్ అంటే చేతగానివాడి ఊతకర్ర అన్న అభిప్రాయం మా బుర్రల్లో అప్పుడే పడిపోయింది.

మా వెనకాల తరం అసలు పీసీ ముందే కూర్చోలేదు. 2018లో పబ్‌జీ మొబైల్ వచ్చింది. కోడూరు నుంచి తుమ్మలపెంట దాకా తీరం పొడవునా ఏ గుడి అరుగు మీద చూసినా ఫోన్లు అడ్డంగా పట్టుకున్న కుర్రాళ్లే. 2020 సెప్టెంబరులో ప్రభుత్వం నిషేధించింది, 2021 జులైలో బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చింది, 2022లో మళ్లీ తీసేశారు, 2023లో మళ్లీ వచ్చింది. ఇన్ని రాకపోకల మధ్య కూడా ఆ పిల్లల బొటనవేళ్లు మాత్రం పని ఆపలేదు. వాళ్లు ఆడింది థర్డ్ పర్సన్ తుపాకీ ఆట, ఎడమ బొటనవేలితో నడక, కుడి బొటనవేలితో చూపు. కంట్రోలర్ అనే వస్తువును ముట్టుకోకుండానే కంట్రోలర్ చదువు సగం అయిపోయింది వాళ్లకు. ఈ సంగతి పెద్దగా ఎవరూ గమనించినట్టు లేదు.

నాకు ఆటలకు దొరికేది రాత్రిళ్లే. మాకు మైపాడు వైపు రొయ్యల గుంటలున్నాయి. వనామి వేసినవాడికి తెల్లవారుజామే గండం. నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది అప్పుడే. ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో చెవి పెట్టి వింటూ ఉండాలి. కరెంటు పోయిందా, పరిగెత్తి జనరేటర్ వేయాలి. షెడ్డులో నిద్రపోకుండా ఉండటానికి ల్యాప్‌టాప్, కంట్రోలర్ పెట్టుకుంటాను. ఆన్‌లైన్ మ్యాచ్‌లో పాజ్ బటన్ ఉండదు, రొయ్యలకు ఆ సంగతి తెలియదు. అందుకే నావన్నీ ఒంటరి కథల ఆటలే.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. ఆ రెండు నెలలూ పడవలు ఒడ్డునుంటాయి, ఊళ్లో కుర్రాళ్లు ఖాళీ. మా మేనల్లుడు రాత్రి పూట షెడ్డుకు వచ్చి కూర్చుంటాడు. మొదటిసారి కంట్రోలర్ చూసి, "ఏంది మామా, గన్ను గేము దీంతోనా ఆడేది?" అన్నాడు. "పట్టుకో అబ్బయ్యా, తెలుస్తది" అని చేతికిచ్చాను.

ఆ రోజు పెట్టిన ఆట రెసిడెంట్ ఈవిల్ 4, 2023లో వచ్చిన కొత్త రూపం. ఆట మొదట్లోనే ఒక పల్లె వస్తుంది. గొడ్డళ్లు, కొడవళ్లు పట్టుకున్న జనం నాలుగు వైపుల నుంచి మీద పడతారు. చర్చి గంట మోగేదాకా తట్టుకోవాలి. మావాడు గురి పెట్టాడు. కుడి బొటనవేలి కిందుండే స్టిక్ తిప్పాడు, గురి శత్రువు తల దాటి కుడికి పోయింది. వెనక్కి లాగాడు, ఎడమకు దాటిపోయింది. మళ్లీ కుడికి. ఈలోగా గొడ్డలి రానే వచ్చింది. కొత్తగా పట్టుకున్న ప్రతివాడికీ ఇదే తంతు, ఇక్కడే చాలామంది కంట్రోలర్ పక్కన పడేసి మౌసు అడుగుతారు.

దీనికి కారణం వేళ్లలో లేదు, పనిముట్టు స్వభావంలో ఉంది. మౌసు చోటు చెబుతుంది. బల్ల మీద ఇంత జరిపితే తెర మీద చూపు ఇంత తిరుగుతుంది, చెయ్యి ఆగితే చూపు ఆగుతుంది. స్టిక్ వేగం చెబుతుంది. ఇంత వంచితే సెకనుకు ఇన్ని డిగ్రీల చొప్పున తిరుగుతూనే ఉంటుంది, ఆపాలంటే మధ్యకు తెచ్చి వదలాలి. ఫైబర్ బోటు నడిపేవాడికి ఇది చెప్పనక్కర్లేదు. చుక్కాని తిప్పితే పడవ ఒక చోటుకు పోయి నిలబడదు, తిరగడం మొదలుపెడుతుంది. ఎక్కడికి తిరగాలో అక్కడికి చేరకముందే చుక్కాని సరిచేసినవాడే ముఖం నేరుగా పెట్టగలడు. మావాడు అలల మీద రోజూ చేసే పనే ఇది. ఆ మాట చెప్పాక సగం కుదుటపడ్డాడు.

మిగతా సగం ఎడమ చేతిలో ఉంది. "కుడి వేలు వదిలెయ్. వాడి తల నీ గురికి ఎంత పక్కనుందో చూడు. ఎడమ వేలితో ఒక్క అడుగు పక్కకెయ్" అన్నాను. గురి కదలలేదు, మనిషి కదిలాడు. మనిషితోపాటు కెమెరా జరిగింది, గురి వచ్చి తల మీద కూర్చుంది. అప్పుడు కాల్చాడు. కంట్రోలర్‌తో బాగా ఆడేవాళ్లంతా చేసేది ఇదే. కుడి స్టిక్‌తో గురిని తల ఎత్తులో ఉంచి, చూపును సుమారుగా అటు తిప్పుతారు. ఆఖరి సన్నపు సర్దుబాటు పక్క అడుగుతో చేస్తారు. మౌసుకు అలవాటుపడ్డవాళ్లు చేతితో గురి పెడతారు, కంట్రోలర్‌వాళ్లు కాళ్లతో పెడతారు.

ఇందులో ఒక చిత్రం ఉంది. భుజం మీది కెమెరాను ఈ ఆటలన్నిటికీ మామూలు చేసింది 2005 నాటి అసలు రెసిడెంట్ ఈవిల్ 4. నింటెండో గేమ్‌క్యూబ్ మీద వచ్చిన ఆ ఆటలో తుపాకీ ఎత్తితే మనిషి అడుగు కదలడు. గురి పెట్టేది ఎడమ స్టిక్‌తోనే. అంటే ఎడమ బొటనవేలి గురి ఇప్పటి మాట కాదు. ఎడమతో నడక, కుడితో చూపు అన్న ఇప్పటి పద్ధతికి తొలినాళ్లలో మర్యాదేమీ దక్కలేదు. 2000లో ప్లేస్టేషన్ మీద ఏలియన్ రిజరెక్షన్ ఆ ఏర్పాటుతో వస్తే విమర్శకులు తప్పుబట్టారు. ఇవాళ అది లేని షూటర్ లేదు. విమర్శకుల మాట తీసేయండి, అలవాటు కాని ప్రతిదీ మొదట తప్పులాగే ఉంటుంది.

ఇక నడక. కీబోర్డులో డబ్ల్యూ మీట నొక్కితే మనిషి నడుస్తాడు, వదిలితే ఆగుతాడు. మధ్యలో ఏమీ లేదు. మెల్లగా నడవాలంటే ఇంకో మీట పట్టుకోవాలి. దిక్కులూ అంతే, నాలుగు మీటలు కలిపి నొక్కితే ఎనిమిది. స్టిక్‌లో అయితే కొంచెం వంచితే అడుగులో అడుగు, ఇంకాస్త వంచితే మామూలు నడక, పూర్తిగా వంచితే పరుగు, దిక్కు ఎటైనా సరే. మన మనిషి వీపు కనపడని ఆటలో దీనితో పనిలేదు. కానీ గంటల తరబడి ఒక మనిషి నడకను వెనకనుంచి చూస్తూ కూర్చునేటప్పుడు ఆ నడక మన వేలి కింద ఉండటం వేరు. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 పీసీకి 2019లో వచ్చింది. అందులో కథానాయకుడు ఆర్థర్ మోర్గన్ బురదలో కాళ్లీడ్చుకుంటూ శిబిరంలోకి వచ్చే తీరు డబ్ల్యూ మీటతో చూసినవాళ్లు ఆ ఆట సగమే చూశారంటాను. కోపమొస్తే రానివ్వండి.

గోడ వెనక దాక్కోవడంలో ఒక మెలిక ఉంది, దాన్ని ఎవరూ ముందుగా చెప్పరు. గురి గుర్తు కెమెరాది, గుండు తుపాకీది. కెమెరా కుడి భుజం పక్కన, కాస్త వెనగ్గా ఉంటుంది. కాబట్టి గోడ కుడి అంచు నుంచి తొంగి చూస్తే కెమెరాకు దారి కనపడుతుంది కానీ తుపాకీ గొట్టం ఇంకా గోడ చాటునే ఉండొచ్చు. గుర్తు శత్రువు మీదే ఉన్నా గుండు పోయి గోడకు తగులుతుంది. కొన్ని ఆటలు అలాంటప్పుడు చిన్న ఎర్ర గుర్తు చూపిస్తాయి, కొన్ని చూపించవు. ఇంకో అర అడుగు బయటికి జరగాలి, అంతే. ఎడమ అంచు నుంచైతే కష్టం ఇంకా ఎక్కువ, ఒళ్లంతా బయటపెడితే గానీ కనపడదు. చాలా ఆటల్లో కెమెరాను ఎడమ భుజానికి మార్చే బటన్ ఉంటుంది. అది ఏదో మొదటి పది నిమిషాల్లోనే వెతికి పెట్టుకోవాలి. ఒళ్లు దాచుకుని మూల అవతల ఏముందో చూడగలగడం కొంత అన్యాయమైన సౌకర్యమే. ఆ గొడవ పడలేకే పబ్‌జీ పీసీలో 2017లోనే ఫస్ట్ పర్సన్ సర్వర్లు విడిగా పెట్టారు.

ఎయిమ్ అసిస్ట్ గురించి అడుగుతారని తెలుసు. గురి శత్రువు మీదికి వచ్చినప్పుడు స్టిక్ వేగం తగ్గించడం ఒక రకం. మనం పక్కకు అడుగేస్తుంటే గురిని వాడితోపాటు కాస్త తిప్పడం ఇంకో రకం. ఒంటరి ఆటలో అది మోసమెలా అవుతుందో నాకర్థం కాదు, కంప్యూటరుకు పరువు నష్టమేమీ లేదు కదా. మౌసువాళ్లతో ఆన్‌లైన్ పోటీకి దిగినప్పుడు మాత్రం ఆ తగాదాకు అర్థముంది. నా అలవాటు వేరు: కొత్త ఆటలో అసిస్ట్ పూర్తిగా ఉంచుతాను, చెయ్యి తిరిగేకొద్దీ తగ్గించుకుంటూ పోతాను.

మా మేనల్లుడు నన్ను మించిపోయింది జైరోలో, అంటే చేతి వంపును పసిగట్టే సెన్సార్‌తో గురి పెట్టడంలో. ఫోను వంచి గురి సరిచేయడం వాడికి బీజీఎంఐ నేర్పిన విద్య. ఎక్స్‌బాక్స్ కంట్రోలర్లలో జైరో లేదు, ప్లేస్టేషన్ 4, 5 కంట్రోలర్లలో ఉంది. ఆటలో ఆ సదుపాయం లేకపోయినా స్టీమ్‌లోని స్టీమ్ ఇన్‌పుట్ ద్వారా జైరోను మౌసు కదలికగా మార్చుకోవచ్చు. అది పెట్టిచ్చాక వాడు పెద్ద తిప్పుడు స్టిక్‌తో తిప్పి, చివరి వెంట్రుకవాసి మణికట్టుతో సరిచేయడం మొదలుపెట్టాడు. "ఇది ముందే చెప్పుంటే అయిపోయేది గదా మామా" అన్నాడు. ఫోన్ ఆటలను ఎగతాళి చేసే పీసీ పెద్దలు ఈ పిల్లల చేతులు ఒకసారి చూడాలి.

ఇక మా తీరంలో అసలు శత్రువు తెరలో ఉండడు, గాలిలో ఉంటాడు. మామూలు స్టిక్‌ల కింద చిన్న పొటెన్షియోమీటర్లుంటాయి: కార్బన్ పూత మీద లోహపు నాలుక రాసుకుంటూ తిరుగుతుంది. ఆ పూత అరిగినా, దుమ్ము చేరినా వేలు పెట్టకుండానే మనిషి పక్కకు నడుస్తాడు, చూపు దానంతటదే పైకి పోతుంది. దీన్నే డ్రిఫ్ట్ అంటారు. ఉప్పు గాలి, తేమ, రోహిణి కార్తె చెమట ఉన్న చోట దీనికి తోడు ఛార్జింగ్ పోర్టులు పచ్చబడతాయి, మరలు తుప్పు పడతాయి. సెట్టింగుల్లో డెడ్ జోన్ పెంచి డ్రిఫ్ట్‌ను కొన్నాళ్లు కప్పిపెట్టొచ్చు. కానీ మధ్యలో ఆ మేర చిన్న కదలికలన్నీ చచ్చిపోతాయి, నేను ఇంతసేపూ పొగిడిన ఆ అడుగులో అడుగు నడక మొదట పోతుంది. అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ స్టిక్‌లలో రాపిడి లేదు కాబట్టి ఆ అరుగుదల ఉండదు. ఇదేమీ కొత్త కనిపెట్టు కాదు, 1998 నాటి సెగా డ్రీమ్‌కాస్ట్ కంట్రోలర్‌లోనే ఉంది. మధ్యలో పాతికేళ్లు పెద్ద కంపెనీలు చవక భాగాలతో ఎందుకు సరిపెట్టాయో వాళ్లే చెప్పాలి.

కాబట్టి సముద్రం దగ్గర ఉండేవాళ్లకు నా మనవి. చెన్నై రిచీ స్ట్రీట్‌కు పోయి కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా రంగు లైట్లు చూసి మోసపోకండి. డబ్బా మీద హాల్ ఎఫెక్ట్ అనో, అయస్కాంతంతోనే పనిచేసే ఇంకో రకమైన టీఎంఆర్ అనో ఉందా అని చూడండి, లేకపోతే తిరిగిచ్చేయండి. ఆడటం అయ్యాక పొడి గుడ్డతో తుడిచి, మందు బిళ్లల సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి, మూత బిగుతుగా ఉండే డబ్బాలో పెట్టండి.