టోపీకి రంగు వేయని చిత్రకారుడు

బక్ టేలర్! ఎండిన నేలను నీళ్లతో గీసినవాడా! నీకు జేజేలు.

చినుకు కోసం మొహం వాచిన అమెరికా పడమటి నేల అది. ఎర్రమట్టి, ముళ్లకంప, గిట్టల వెంట లేచే దుమ్ము. ఆ దుమ్మును కాగితం మీదికి తేవడానికి నువ్వు నీటిరంగుల్నే నమ్ముకున్నావు. ఏం తెగింపయ్యా నీది!

1938లో హాలీవుడ్‌లో పుట్టావు. ఆ ఏడే మీ నాన్న డబ్ టేలర్ ఫ్రాంక్ కాప్రా సినిమాలో జైలోఫోన్ వాయిస్తూ తొలిసారి తెర మీద కనిపించాడు. ఆ తర్వాత కౌబాయ్ సినిమాల్లో హీరో పక్కన ఉండి నవ్వించే 'కానన్‌బాల్' అయ్యాడు. పక్కవేషం మర్మం నీకు ఇంట్లోనే అబ్బింది. బొమ్మలు నేర్చావు, నేవీలో కొలువు చేశావు, జిమ్నాస్టిక్స్‌లో ఒళ్లు సానబట్టావు. చివరికి గుర్రం దగ్గరికే వచ్చావు.

1967లో 'గన్‌స్మోక్' టీవీ సీరియల్ వీధిలోకి న్యూలీ ఒబ్రయన్‌గా అడుగుపెట్టావు. తుపాకులు బాగుచేసే కుర్రాడివి, ఆ తర్వాత డెప్యూటీవి. కథలో ఆ ఊరు కాన్సస్‌లోని డాడ్జ్ సిటీ, ఆ ఊరికి దిక్కు మార్షల్ మాట్ డిల్లన్. ఆ వేషం కట్టిన జేమ్స్ ఆర్నెస్ తలుపులో నిలబడితే వెలుతురే ఆగిపోయేంత నిలువెత్తు మనిషి. ఆయన పక్కన నిలబడి, ఆయన మాట వినడం కూడా నటనేనని చూపించావు. 1975లో ఆ సీరియల్ ఆగింది. 20 ఏళ్లు, 635 భాగాలు.

'టూంబ్‌స్టోన్' చూసినవాళ్లందరికీ డాక్ హాలిడే గుర్తుంటాడు. 1993 నాటి సినిమా. క్షయతో కృశించి, చెమటలు కక్కుతూ కూడా స్నేహితుడి వెంట గుర్రమెక్కిన మనిషి. ఈ ఒంటితో నీకెందుకీ పోరు అని ఒకడు అడుగుతాడు. వయట్ ఎర్ప్ నా స్నేహితుడు అంటాడు డాక్. నాకూ బోలెడుమంది స్నేహితులున్నారులే అంటాడు అడిగినవాడు. నాకు లేరు అంటాడు డాక్. చూసేవాళ్ల గుండె పట్టేసింది ఆ జవాబు. డాక్ వేషం కట్టిన వాల్ కిల్మర్‌కు పేరొచ్చింది. అడిగినవాడివి నువ్వే, టర్కీ క్రీక్ జాక్ జాన్సన్‌వి. నువ్వు బంతిని అంత తేలిగ్గా అందించబట్టే అతను కొట్టాడు.

ఆ గుణమే నీ కుంచెలోకీ దిగిందని నా నమ్మకం. నీటిరంగుల్లో తెలుపంటే కాగితమే. కౌబాయ్ నెత్తిన తెల్లటోపీ కావాలంటే టోపీని వదిలేసి చుట్టూ ఆకాశాన్ని గీయాలి. తడికుంచెతో నీలాన్ని లాక్కుంటూ వచ్చి, టోపీ అంచు దగ్గర వెంట్రుకవాసిలో ఆపాలి. చేయి వణికితే నీలం టోపీలోకి పాకుతుంది. తైలవర్ణమైతే ఆరాక పైన ఇంకో పూత వేసుకోవచ్చు. ఇక్కడ కాగితం క్షమించదు. లేతరంగు ముందు, ముదురు తర్వాత. గుర్రం మెడ మీది మెరుపు, మంచు పట్టిన కంచె, దుమ్ములో దూసుకొచ్చే ఎండ, అన్నీ నువ్వు ముట్టుకోకుండా వదిలిన చోట్లే.

నీకు ముందు చార్లీ రస్సెల్ ఉన్నాడు. మోంటానాలో రాత్రిళ్లు పశువులు కాస్తూ, పక్కనున్న మనుషుల్ని బొమ్మల్లోకి ఎక్కించినవాడు. అతను చూసింది బతుకు. నీకు తెలిసింది ఆ బతుకు మీద అల్లిన కథ. ఆ తేడా దాచడం దేనికి? నీ బొమ్మల్లో మురిపెం పాలు ఎక్కువ. మెక్సికో పశువుల కాపరుల దగ్గర నేర్చిన విద్యే కౌబాయ్ విద్య అనీ, మందలు నడిచిన గడ్డి అంతకుముందు వేరేవాళ్ల నేల అనీ ఆ మురిపెం గుర్తు చేయదు. అయినా ఆ కథను లోపలినుంచి ఎరిగినవాడివి నువ్వు. జీను బరువు, బూట్లలో దూరిన ఇసుక, మధ్యాహ్నం లైట్ల కింద టోపీలో ఉడికిన తల, ఇవన్నీ నీ ఒంటికి తెలిసినవే.

టెక్సాస్‌లో నిలదొక్కుకున్నావు. రోడియోలకు నీ బొమ్మలు మోసుకెళ్లి జనం మధ్య కూర్చున్నావు. తోటి నటుల్నీ కాగితం మీద నిలబెట్టావు. ఎనభై దాటినా కెమెరా నిన్ను వదల్లేదు. 'యెల్లోస్టోన్' సీరియల్‌లో ఎమెట్ వాల్ష్‌వై మళ్లీ పశువుల మధ్యకే వచ్చావు. పిలుపొస్తే గుర్రానికి జీను కడతావు, రాకపోతే కుంచె తడుపుకుంటావు.