గుండ్లకమ్మ దాటి వచ్చాక

1878 జులై 3న ఒంగోలుకు ఉత్తరాన, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో పొద్దున మొదలైన బాప్తిస్మాలు సాయంత్రం దాకా సాగాయి. ఆ ఒక్కరోజే 2,222 మంది. ఇచ్చిన బోధకులు ఆరుగురు. ఏ వేళ చూసినా నీళ్లలో ఉన్నది ఇద్దరే, వాళ్లు అలిసిపోతే మరో ఇద్దరు దిగేవారు. మిషనరీ జాన్ క్లౌ గట్టునే ఉండిపోయాడు, తన చేత్తో ఒక్కరినీ ముంచలేదు. బాప్టిస్టుల చరిత్రలో ఈ అంకెకు వచ్చిన పేరు, దానికి ముందు క్లౌ చేసిన ఆలస్యానికి రాలేదు.

అవి ధాత కరువు రోజులు. సర్వే పని తెలిసిన క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో అల్లాడుతున్న వేలమందికి పలుగూ పారా ఇచ్చాడు. బోధకులే మేస్త్రీలు. పగలు మట్టి మోత, పొద్దుగూకాక ఏసు కథ. బాప్తిస్మం ఇమ్మని జనం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. కూటి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట పడకూడదని ఏడాది దాటి ఆపాడు. సాయం డబ్బు అయిపోయింది, ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పాక కూడా వచ్చినవాళ్లకే నది దారి చూపించాడు. తిండి పెట్టిన చెయ్యిని కడుపు అంత తొందరగా మరిచిపోతుందా అని అడిగేవాళ్లు నేటికీ ఉన్నారు. అడగదగ్గ ప్రశ్నే.

వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. వాళ్లను అడిగిన కట్టుబాట్లు చూస్తే వేదాంతం తక్కువ, రోజువారీ బతుకు ఎక్కువ. విగ్రహాలకు మొక్కకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, ఆదివారం పని చేయకూడదు. చదవడానికి ఇది ఏ బడిగోడ మీదో రాసే నియమాల్లా కనిపిస్తుంది. పల్లెలో మాత్రం ఒక్కో మాటా ఒక్కో తగువు తెచ్చింది. చచ్చిన గొడ్డును ఊరి బయటికి ఈడ్చడం, జాతరలో డప్పు కొట్టడం మాదిగల మీద ఊరు మోపిన చాకిరీ. డప్పు కొట్టనంటే ఊరు ఊరుకోదు. ఆదివారం రానంటే కోతల కాలంలో ఆసామి ఊరుకోడు. మునిగి లేచిన మనిషి తడిబట్టలు ఆరేలోపే ఎవరో ఒకరికి ‘కాదు’ అని చెప్పాల్సి వచ్చేది. మంచి క్రైస్తవ జీవితం వాళ్లకు అక్కడ మొదలైంది.

ముంచడమా చిలకరించడమా, పసితనంలోనా ఊహ తెలిశాకా అన్న వాదాలు పాతవే. కతోలిక, లూథరన్, సీఎస్ఐ సంఘాల్లో పసిబిడ్డకు తలిదండ్రులు మాట ఇస్తారు, ఊహ తెలిశాక ఆ బిడ్డ దాన్ని తన మాటగా ఒప్పుకోవాలి. బాప్టిస్టులు ఊహ తెలిసేదాకా ఆగుతారు. ఎవరి పద్ధతిలోనైనా చిక్కు ఆ మాట నిలబెట్టుకోవడం దగ్గరే.

అసలు బాప్తిస్మమే వద్దన్న తెలుగువాడూ ఉన్నాడు. మునిపల్లెకు చెందిన ఉపాధ్యాయుడు కలగర సుబ్బారావు 1942లో క్రీస్తు దర్శనం పొందానన్నాడు, ఆయన పేరున ప్రార్థించి రోగుల్ని బాగుచేస్తానన్నాడు, వెంట ఒక ఉద్యమమే నడిచింది. సంఘంలో మాత్రం చేరలేదు. నీళ్లలో మునిగినంత మాత్రాన స్వార్థం చావదన్నది ఆయన వాదన. దెబ్బ సూటిగానే తగిలింది. కోర్టుకెక్కిన చర్చి ఆస్తి తగాదాలు చూసినవారెవరూ ఆ మాటను కొట్టిపారేయలేరు. కాకపోతే పై కులంలో పుట్టిన సుబ్బారావు ఊళ్లో తన చోటు వదలకుండానే క్రీస్తును కొలవగలిగాడు. ఒంగోలు మాదిగకు ఆ వెసులుబాటు లేదు. పదిమంది చూస్తుండగా మునగడం అతనికి తంతు కాదు, డప్పు దించేశానని ఊరికి చేసిన చాటింపు.

ఆ చాటింపుకు చెల్లించే ఖరీదు ఇప్పుడు కాగితం మీదికి ఎక్కింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మతం మారిన దళితులు ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషన్‌లోకి వస్తారు. అందుకే సర్టిఫికెట్‌లో ఒక మతం, ఆదివారం మరో మతం ఉన్న ఇళ్లు తెలుగునాట కొత్తేమీ కాదు. పిల్లవాడి ఉద్యోగం వచ్చేదాకా బాప్తిస్మం వాయిదా వేసుకునేవారూ ఉంటారు. వీళ్లను పిరికివాళ్లనడం ప్రసంగవేదిక మీద నిలబడ్డవారికి తేలిక. ఉత్తర్వు చేసిన అన్యాయం ఒకటైతే, చేరినవాడికి తగిలే నష్టంలో సంఘం ఎంత మోస్తుందన్నది మరొకటి. ఆ రెండోది బాప్తిస్మం తరగతుల్లో ఎవరూ పెద్దగా ఎత్తరు.