పొరపాటుకు పూచీ ఎవరిది? - న్యాయవాదుల వృత్తిబాధ్యతపై తెలుగు సాహిత్య దృష్టి: ఒక విమర్శ

వ్యాససంగ్రహం:

న్యాయవాది పొరపాటు వల్ల కక్షిదారుకు కలిగిన నష్టాన్ని ఎవరు భరించాలన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న. తెలుగు సాహిత్యం వకీలును మంచివాడిగానో చెడ్డవాడిగానో చూసింది కాని, పొరపాటు చేయగల వృత్తిదారుగా చూసిన సందర్భాలు తక్కువ. మన చట్టవ్యవస్థ కూడా చాలావరకు అదే దృష్టితో నడుస్తున్నది. ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిర్చి ఆర్థిక నేపథ్యంలో ఈ దృష్టి పరిమితులను పరిశీలించి, వృత్తిబాధ్యత బీమా సంస్థ పాలక మండలి అనే భావన ఆ లోటును ఎంతవరకు పూరించగలదో విశ్లేషించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: న్యాయవాది, కక్షిదారు, వృత్తిబాధ్యత, బీమా, కాలదోషం, ఐ.పి., కన్యాశుల్కం, టంగుటూరి ప్రకాశం, ఉన్నవ లక్ష్మీనారాయణ.

1. ఉపోద్ఘాతం:

పదమూడవ శతాబ్దానికి చెందిన కేతన, మితాక్షరను అనుసరించి తెలుగులో 'విజ్ఞానేశ్వరము' రచించాడు. అది ఆచార, వ్యవహార, ప్రాయశ్చిత్త కాండలుగా సాగుతుంది. అప్పు, పూచీ, సాక్ష్యం వంటి విషయాలు వ్యవహారానికి చెందుతాయి. తప్పు చేసినవాడు తనను తాను శుద్ధి చేసుకునే మార్గం ప్రాయశ్చిత్తానికి చెందుతుంది. ఈ విభజనలో ఒక సూక్ష్మమైన వివేకం ఉంది. తప్పు చేసినవాడు శుద్ధుడైనంత మాత్రాన నష్టపోయినవాడి నష్టం తీరదు. అవి రెండు వేర్వేరు లెక్కలు.

న్యాయవాద వృత్తి విషయంలో మన సాహిత్యవిమర్శ ఈ రెండు లెక్కలనూ కలిపివేసింది. వకీలు ఎలాంటి మనిషి అని అడిగింది. అతని చేతిలో పోయిన దావా వల్ల రైతుకు పోయిన సొమ్ము ఎవరి ఖాతాలో వేయాలని అడగలేదు. పై పరిభాషలోనే చెప్పాలంటే, వకీలు పాత్రపై మన చర్చ ప్రాయశ్చిత్త కాండలోనే ఆగిపోయింది. వ్యవహార కాండకు చేరలేదు.

2. సాహిత్యంలో వకీలు - గుణదోష దృష్టి:

గురజాడ 'కన్యాశుల్కం' (తొలి ప్రదర్శన 1892, రెండవ కూర్పు 1909) ఈ చర్చకు సహజమైన ఆరంభం. అందులో వ్యాజ్యాలు కథను నడిపిస్తాయి. రామప్పంతులు వంటి వ్యాజ్యాల దళారీ ఒకవైపు, వకీళ్ళు నాయుడు, భీమారావు పంతులు మరొకవైపు కనిపిస్తారు. వీరందరికీ ఎదురుగా సౌజన్యారావు పంతులు నిలుస్తాడు. పేరులోనే గుణం ఉన్న వకీలు ఆయన. లుబ్ధావధాన్లుకు రక్షణ దొరికింది ఒక సజ్జనుడు తారసపడడం వల్ల. అలాంటి రక్షణను అందరికీ హామీ ఇచ్చే ఏర్పాటు ఏదీ నాటక ప్రపంచంలో లేదు. సౌజన్యారావు తారసపడని కక్షిదారు గతి ఏమిటన్న ప్రశ్నను నాటకం పాఠకుడికే వదిలేస్తుంది.

స్వయంగా న్యాయవాది అయిన రాచకొండ విశ్వనాథశాస్త్రి 'ఆరు సారా కథలు'లో మద్యనిషేధ చట్టం చుట్టూ అల్లుకున్న పోలీసు, కోర్టు వ్యవస్థను విప్పి చూపారు. ఇక్కడ దృష్టి వ్యక్తి నుంచి వ్యవస్థకు మారడం గమనించదగ్గ ముందడుగు. అయినా రావిశాస్త్రి విమర్శ ప్రధానంగా వ్యవస్థలోని కుట్రపైన, దోపిడీపైన. కుట్ర లేకుండా, దురుద్దేశం లేకుండా, కేవలం ఒక తేదీ మరచిపోవడం వల్ల కూలిపోయే కేసు ఆ చట్రంలో ఇమడదు. నిజానికి కోర్టు ఆవరణలో నష్టాలన్నీ దుర్మార్గుల వల్లే జరగవు. పని భారం, గుమస్తా ఏమరపాటు, దస్త్రం తారుమారు కావడం వంటి మామూలు కారణాలు చాలు.

3. స్థానిక సంప్రదాయం - త్యాగశీలి న్యాయవాది:

గుంటూరు, ప్రకాశం ప్రాంతం తెలుగు ప్రజాజీవితానికి గొప్ప న్యాయవాదులను ఇచ్చింది. ఒంగోలు ప్రాంతపు వినోదరాయునిపాలెంలో 1872లో జన్మించిన టంగుటూరి ప్రకాశం రాజమండ్రిలో రెండవ తరగతి ప్లీడరుగా పనిచేసి, 1904లో ఇంగ్లండు వెళ్ళి బారిస్టరై, మద్రాసు హైకోర్టులో ప్రసిద్ధి పొందారు. 1921లో వృత్తిని వదలి 'స్వరాజ్య' పత్రికను స్థాపించారు. గుంటూరు జిల్లా వేములూరుపాడుకు చెందిన ఉన్నవ లక్ష్మీనారాయణ కూడా బారిస్టరే. సహాయ నిరాకరణ కాలంలో జైలుకు వెళ్ళి, 'మాలపల్లి' వంటి నవలను అందించారు. దేశభక్త కొండా వెంకటప్పయ్యదీ న్యాయవాద వృత్తి నుంచి ప్రజాసేవకు సాగిన జీవితమే.

ప్రకాశం 'నా జీవిత యాత్ర'ను, కొండా వెంకటప్పయ్య స్వీయచరిత్రను మనం సాధారణంగా త్యాగచరిత్రలుగా చదువుతున్నాం. ఆ పఠనం సరైనదే కాని, అసంపూర్ణం. న్యాయవాది వృత్తిని వదిలినప్పుడు అతను కోల్పోయిన రాబడితో ఆ త్యాగాన్ని కొలుస్తున్నాం. ఆ రోజు అతని చేతిలో ఉన్న వకాల్తాల సంగతి మన సాహిత్యచరిత్ర అడగలేదు. ఒక న్యాయవాది దస్త్రాలు మరొకరి చేతికి మారేటప్పుడు గడువు తప్పిన కేసు ఉంటే, దాని భారం ఎవరిపై పడింది? ఈ ప్రశ్న ఆ మహనీయుల కీర్తిని తగ్గించదు. న్యాయవాదిని కథానాయకుడిగా నిలిపినప్పుడు కక్షిదారు కథ నుంచి తప్పుకుంటాడన్న సంగతిని మాత్రం గుర్తుచేస్తుంది. స్వీయచరిత్ర అనే ప్రక్రియ స్వభావమే అది.

4. పత్తి, మిర్చి నేల - గడువుల లెక్క:

ఈ ప్రాంతంలో కక్షిదారు అంటే చాలా సందర్భాల్లో రైతు. 1987-88లో తెల్లదోమ తాకిడితో పత్తి దెబ్బతిని, అప్పుల పాలైన రైతులు ఆత్మహత్యలు చేసుకున్నది ఈ నేలపైనే. పంట అప్పుమీద నడుస్తుంది. అప్పు ప్రోనోటు మీద నడుస్తుంది. ప్రోనోటు సొమ్ముకు దావా వేయడానికి 1963 నాటి కాలపరిమితి చట్టం ఇచ్చిన గడువు మూడేళ్ళు. ఆ లోపు కొంత సొమ్ము చెల్లించి నోటు వెనుక చెల్లు రాసి సంతకం చేస్తే గడువు మళ్ళీ మొదలవుతుంది. గడువు దాటిన తరువాత వేసిన చెల్లుకు ఆ బలం లేదు. ఈ సంగతి పల్లెల్లో చదువురాని పెద్దలకు కూడా తెలుసు.

'ఐ.పి. పెట్టాడు' అన్న మాట ఇక్కడి జీవభాషలో ఒక నానుడిలా స్థిరపడింది. దీని మూలం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. సరకు తీసుకున్న వ్యాపారి దివాలా పిటిషను వేస్తే, బాకీ రావలసిన రైతుకు కోర్టు నోటీసు చేరుతుంది. వ్యాపారి ఆస్తిని ఇతరుల పేర మార్చి తప్పించుకోజూస్తే రుణదాత కూడా పిటిషను వేయవచ్చు. అయితే ఆ చర్య జరిగిన మూడు నెలల్లోపే వేయాలి. చెల్లని చెక్కు విషయంలో గడువులు ఇంకా తక్కువ: బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు, నోటీసు అందాక 15 రోజుల నిరీక్షణ, ఆపైన నెలలోపు ఫిర్యాదు. రైతు ఏడాది కష్టం ఇలా కొన్ని తేదీల మీద ఆధారపడి ఉంటుంది. ఆ తేదీలను కాపాడవలసిన బాధ్యత న్యాయవాది డైరీది.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. పర్చూరు వైపు రైతు ఒకరు మిర్చి సొమ్ముకు ప్రోనోటు రాయించుకుని, సకాలంలోనే న్యాయవాది చేతికి ఇచ్చాడు. దావా గడువు ముగిసిన మరునాడు దాఖలైంది. అప్పీళ్ళలో, దరఖాస్తుల్లో ఆలస్యాన్ని మన్నించే అధికారం కాలపరిమితి చట్టం ఐదవ సెక్షను కోర్టుకు ఇస్తున్నది. దావాకు ఆ మన్నింపు వర్తించదు. న్యాయవాది లోపానికి కక్షిదారును శిక్షించరాదని సుప్రీంకోర్టు 1981లో రఫీక్ కేసులో చెప్పిన మాట ఉదారమైనదే. కాని అది కొట్టివేసిన అప్పీలుకు సంబంధించిన సందర్భం. పైగా అలాంటి మన్నింపు దొరికిన చోట కూడా ఆలస్యం భారాన్ని ప్రధానంగా మోసేది ఎదుటి కక్షిదారే.

5. చట్టం చూపిన దారులు:

నష్టపోయిన రైతుకు ఉన్న దారులు మూడు. మొదటిది 1961 నాటి అడ్వొకేట్ల చట్టం 35వ సెక్షను ప్రకారం బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు. అక్కడ మందలింపు, సస్పెన్షన్, పేరు తొలగింపు వంటి శిక్షలు ఉన్నాయి. అవి న్యాయవాదికి తగిలేవి. రైతు పోగొట్టుకున్న సొమ్మును తెచ్చిపెట్టేవి కావు. రెండవది సివిల్ దావా. న్యాయవాది అయినంత మాత్రాన నిర్లక్ష్యానికి బాధ్యత తప్పదని 1926 నాటి లీగల్ ప్రాక్టీషనర్స్ (ఫీజుల) చట్టం స్పష్టం చేసింది. కాని ఒక దావా పోగొట్టుకున్న మనిషి మరొక న్యాయవాదిని పెట్టుకుని, మొదటి న్యాయవాది మీద మరొక దావా నడపాలి. అదీ ఆ ఇద్దరూ రోజూ కలుసుకునే కోర్టులోనే.

మూడవ దారి వినియోగదారుల చట్టం. వైద్యులు ఆ చట్టం పరిధిలోకి వస్తారని సుప్రీంకోర్టు 1995లో తేల్చింది. ఆంధ్రప్రదేశ్ రైతులు వేసిన వ్యాజ్యాల్లో, విత్తనం కొన్న రైతు వినియోగదారే అని 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో తీర్పు చెప్పింది. న్యాయవాదుల సేవ మాత్రం ఆ చట్టం కిందికి రాదని 2024 మే 14న తీర్పునిచ్చింది. కక్షిదారు ఆదేశాల మేరకు నడిచే వ్యక్తిగత సేవ అని, ఈ వృత్తి విలక్షణమైనదని అందుకు కారణాలు చూపింది. న్యాయవాది స్వతంత్రతను కాపాడే వాదనగా దీనికి బలం ఉంది. ఓడిన ప్రతి కక్షిదారూ తన న్యాయవాది మీదికి వెళ్ళే పరిస్థితి వృత్తికి మంచిది కాదు. కాని ఫలితాన్ని రైతు వైపు నుంచి చూడాలి. మొలకెత్తని విత్తనానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళగల రైతు, కాలదోషం పట్టిన దావాకు అక్కడికి వెళ్ళలేడు.

6. పాలక మండలి - ఒక భిన్నమైన ప్రశ్న:

ఈ ఖాళీని కొన్ని దేశాలు బీమా ద్వారా పూరించాయి. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో బార్ సంస్థ 1978 నుంచి ఒక వృత్తిబాధ్యత నిధిని నడుపుతున్నది. అక్కడ ప్రైవేటుగా ప్రాక్టీసు చేసే న్యాయవాదులకు అది తప్పనిసరి. నిధిని పర్యవేక్షించే మండలిలో న్యాయవాదులతోపాటు న్యాయవాదులు కాని ప్రజాసభ్యులూ ఉంటారు. మన దేశంలో సాధారణ బీమా సంస్థలు న్యాయవాదులకు ఇలాంటి పాలసీలు ఇస్తున్నా, అవి ఐచ్ఛికాలు.

అలాంటి మండలి సభ్యుడి ముందుకు మన ఊహా రైతు కేసు వచ్చిందనుకుందాం. సాహిత్యం అడిగే ప్రశ్న - ఈ న్యాయవాది మంచివాడా? బార్ కౌన్సిల్ అడిగే ప్రశ్న - ఇది దుష్ప్రవర్తనా? మండలి అడిగే ప్రశ్న వేరు - గడువులోపు దావా వేసి ఉంటే రైతుకు ఎంత వచ్చేది? వ్యాపారి అప్పటికే ఐ.పి. పెట్టి, పంచడానికి ఆస్తి మిగలకపోయి ఉంటే నష్టం ఒక రకం. ఆస్తి ఉండి, గడువు తప్పడం వల్లనే చేజారితే నష్టం మరొక రకం. కేసు లోపల మరొక కేసును విచారించవలసిన పని ఇది. న్యాయవాదిని నిందించకుండానే రైతుకు సొమ్ము చెల్లించే వీలు ఇక్కడ మాత్రమే ఉంది.

ఈ స్థానం సులువైనది కాదు. సభ్యుడు న్యాయవాది అయితే తోటివాడిపై సానుభూతి ఒకవైపు, తన ప్రీమియం పెరుగుతుందన్న భయం మరొకవైపు ఉంటాయి. ఆ రెండూ క్లెయిమును తోసిపుచ్చే దిశగానే నెట్టగలవు. బీమా సంస్థకు చట్టరీత్యా పాలసీదారు న్యాయవాదే. రైతు ఎదుటి పక్షం. కాబట్టి బీమా ఉన్నంత మాత్రాన కక్షిదారుకు మేలు జరుగుతుందనుకోవడం అమాయకత్వం. ప్రజాసభ్యుల ఆవశ్యకత ఇక్కడే తెలుస్తుంది.

ప్రీమియం పంపకం రెండవ చిక్కు. అద్దంకిలో ప్రోనోటు దావాలు వేసే జూనియరూ, హైకోర్టులో కోట్ల రూపాయల వ్యాజ్యాలు నడిపే సీనియరూ ఒకే మొత్తం చెల్లించాలా? ఇంగ్లండులో 1987లో ఏర్పడిన సొలిసిటర్ల ఉమ్మడి నిధి, లోటు పెరిగి, ఒకరి భారం మరొకరు మోస్తున్నామన్న అసంతృప్తి ముదిరి, 2000లో బహిరంగ మార్కెట్ బీమాకు చోటిచ్చింది. మన జిల్లా కోర్టుల్లో ప్రీమియం భారం ఫీజుల్లోకి మారితే చివరకు దాన్ని మోసేదీ రైతే. ఈ ఆక్షేపణను తోసిపుచ్చలేం. రాబడిని, చేపట్టే వ్యాజ్యాల విలువను బట్టి చందా నిర్ణయించకపోతే ఈ ఏర్పాటు పెద్ద ప్లీడర్ల భద్రతగానే మిగులుతుంది.

అయినా ఒక ప్రయోజనం స్పష్టం. బీమా లేని న్యాయవాదికి పొరపాటు ఒప్పుకోవడం అంటే ఇల్లు, పొలం పణంగా పెట్టడం. అందుకే కేసు వాయిదా పడిందని చెప్పి కక్షిదారును తిప్పడం మొదలవుతుంది. మొదటి పొరపాటు కంటే ఈ దాపరికం ఎక్కువ నష్టం చేస్తుంది. మిగిలి ఉన్న పరిష్కారాల గడువులు కూడా ఈలోగా దాటిపోతాయి. నష్టం పంచుకునే నిధి ఉంటే నిజం చెప్పడానికి దారి ఏర్పడుతుంది.

7. ముగింపు:

ఆంధ్రప్రదేశ్‌లో 1987 నుంచి న్యాయవాదుల సంక్షేమ నిధి చట్టం ఉంది. కక్షిదారు సంతకం చేసే వకాల్తానామా మీదే ఆ నిధి స్టాంపు అంటించాలి. న్యాయవాది మరణించినా, వృత్తి విరమించినా ఆ నిధి ఆదుకుంటుంది. వృత్తిదారులందరూ కలిసి ఒకరి ఆపదను పంచుకోవచ్చునన్న సూత్రాన్ని మన వ్యవస్థ ఇప్పటికే అంగీకరించిందనడానికి ఇదే సాక్ష్యం. అదే వకాల్తా మీద రెండవ సంతకం చేసే రైతు ఆపదకు ఆ సూత్రాన్ని విస్తరించడం మిగిలిన పని. అది జరిగేటప్పుడు మండలిలో అతని పక్షాన మాట్లాడే సభ్యుడు ఉండడం కనీస షరతు కావాలి.

సాహిత్య పరిశోధకులకు ఇందులో ఒక కర్తవ్యం ఉంది. న్యాయవాదుల స్వీయచరిత్రలను, కోర్టు కథలను ఇకపై కక్షిదారు వైపు నుంచి చదవాలి. ఏ కేసు గెలిచారన్నదానితోపాటు, ఏ కేసు ఎందుకు పోయింది, పోయినప్పుడు నష్టం ఎవరి ఇంటికి చేరింది అన్న ప్రశ్నలతో ఆ గ్రంథాలను తిరిగి పరిశీలించవలసి ఉంది. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ప్రోనోట్లు, చెల్లులు, ఐ.పి. నోటీసుల చుట్టూ ఉన్న మౌఖిక కథనాలను సేకరిస్తే, గ్రంథస్థం కాని ఆ కక్షిదారు చరిత్ర కొంతైనా మన విమర్శలోకి వస్తుంది.