బోరుకొచ్చిన బండి

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేనిది. అలాంటి అనంతపురం జిల్లాలో బండి తొందరగా బోరుకు రావడానికి, అంటే సిలిండర్ అరిగి మళ్లీ తొలిపించాల్సి రావడానికి, తిరిగిన దూరం కన్నా దుమ్మే పెద్ద కారణం. నైరుతి గాలి తన వానలో చాలావరకు పడమటి కనుమల దగ్గరే కురిపించేసి ఇక్కడికి కొద్దిపాటి తేమతోనే వస్తుంది. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు వేదవతి నది ఇసుకను పొలాల మీదికి తోసి దిబ్బలు పెట్టేదీ ఆ గాలే. ఇసుకలోని సిలికా సిలిండర్ గోడలోని పోత ఇనుము కన్నా గట్టిది. ఎయిర్ ఫిల్టర్ చిరిగినా, సరిగ్గా కూర్చోకపోయినా ఆ రేణువులు సిలిండర్‌లో చేరి రింగులకూ గోడకూ మధ్య సానరాయి పని చేస్తాయి. పికప్ పడిపోతుంది; ఫోర్‌స్ట్రోక్ బండయితే నీలిపొగ కూడా మొదలవుతుంది. నాలుగు చేతులు మారిన బండికి ఈ జబ్బు ఎప్పుడు పట్టుకుందో చెప్పే దిక్కుండదు, సిలిండర్‌ను కొలిచే గేజే చెప్పాలి.

ఖర్చు కలిసొస్తుందని చాలామంది రింగులు మాత్రం మార్పించుకుంటారు. అరిగిన సిలిండర్‌లో ఆ డబ్బు దండగే. పిస్టన్ పైకెళ్లి వెనక్కి మళ్లే చోట వేడీ ఒత్తిడీ ఎక్కువ, ఆయిల్ తక్కువ కాబట్టి గోడ అక్కడే లోతుగా అరుగుతుంది. కనెక్టింగ్ రాడ్ వాలు వల్ల పిస్టన్ రెండు పక్కలకే ఒరుసుకుని రంధ్రం కోలగా మారుతుంది. కోల రంధ్రంలో గుండ్రటి రింగు ఎలా ఆనుతుంది? పైగా అరగని పై అంచు మెట్టులా మిగిలి కొత్త రింగును విరగ్గొట్టగలదు. అందుకే పైన, నడుమ, అడుగున రెండేసి దిక్కుల్లో కొలిచి, బోరు చేసి మళ్లీ గుండ్రం చేయాలి. ఇందుకోసమే 0.25 నుంచి 1.00 మిల్లీమీటరు దాకా ఓవర్‌సైజు పిస్టన్లు దొరుకుతాయి. పని తెలిసిన మేస్త్రీ పిస్టన్ తెచ్చిస్తే గానీ సిలిండర్ బ్లాకును మిషన్ ఎక్కించడు. అల్యూమినియం పిస్టన్ ఇనుప గోడ కన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది. ఆ రెంటి మధ్య మిల్లీమీటరులో కొన్ని వందో వంతులుండే సందు తగ్గితే ఇంజన్ పట్టేస్తుంది, పెరిగితే పిస్టన్ కొట్టుకుంటుంది. ఆపైన హోనింగ్‌తో గోడ మీద అడ్డదిడ్డంగా కనిపించే సన్నటి గీతలు పెడతారు. ఆయిల్ నిలిచేది వాటిలోనే. టూస్ట్రోక్‌లో పోర్టుల అంచులు కూడా నునుపు చేయాలి, లేకుంటే రింగు తట్టుకుంటుంది. చివరికి సబ్బునీళ్లతో కడగాలి. కిరోసిన్ ఒక్కటే అయితే హోనింగ్ పొడి గీతల్లోనే ఉండిపోతుంది, అంటే దుమ్మును మనమే లోపల పెట్టి బిగించినట్టు.

బోరు చేస్తే పెట్రోలు తాగుతుందంటారు. ఆర్‌ఎక్స్ 100 బండి బోరు 50 నుంచి 51 మిల్లీమీటర్లయితే 98 సీసీ 102 అవుతుంది, అంతే. మైలేజీ పోయిందంటే వేరేచోట వెతకాలి. కొత్త బ్లాక్ కిట్టే వేసుకోవచ్చు కదా అన్న మాటకు మాత్రం బలముంది. స్ప్లెండర్ లాంటి బండికి నిజంగా అదే సులువు. కానీ 1996లో తయారీ ఆగిపోయిన ఆర్‌ఎక్స్ 100కు బయట దొరికే నకిలీ బ్లాకుల్లో పోర్టుల ఎత్తు తేడా వస్తే బండి నడకే మారిపోతుంది. దానికి అసలు బ్లాకును నిలబెట్టుకోవడమే మేలు. నికాసిల్ అనే గట్టి పూత ఉన్న సిలిండర్‌ను మామూలు బోరింగ్‌కు ఇవ్వకూడదు, పూత పోతుంది. ఇనుప బ్లాకుకు చివరి సైజూ అయిపోతే లోపల కొత్త స్లీవ్ దించి మళ్లీ మొదటి సైజుకు తేవచ్చు. అయితే టూస్ట్రోక్ స్లీవ్‌లో పోర్టులన్నీ పాతవాటి మీద సరిగ్గా కూర్చోవాలి. ఆ పని అన్ని లేత్ షాపులూ ఒప్పుకోవు, ఒప్పుకోకపోవడమే నయం.