తెరకెక్కని గుమాస్తా

కథ ఆధారంగా తీసిన సినిమా చూశాక మూలకథ మళ్లీ తీసి చదవడం నాకు చాలాకాలంగా ఉన్న అలవాటు. సినిమావాళ్లు ఏం చేర్చారన్నది నాకు పట్టదు, ఎవరిని వదిలేశారో వెతుకుతాను. సైన్స్ ఫిక్షన్ రచయిత ఫిలిప్ కె. డిక్ విషయంలో ఈ వెతుకులాట దాదాపు ప్రతిసారీ ఒకే మనిషి దగ్గర ఆగుతుంది. జీతం చాలని, ఇంట్లో మాట చెల్లని చిన్న ఉద్యోగి.

ఆ మనిషి డిక్‌కి బాగా తెలుసు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో గ్రామఫోను రికార్డుల దుకాణంలో పనిచేశాడాయన. 1952లో తొలి కథ అచ్చయింది. పెంపుడు జంతువుల కోసం అమ్మే గుర్రం మాంసం కొనుక్కు తిన్న రోజుల గురించి తనే రాసుకున్నాడు. 1963లో ‘ద మ్యాన్ ఇన్ ద హై కాజిల్’కి హ్యూగో అవార్డు వచ్చాకా డబ్బు కష్టాలు తీరలేదు. చౌక పేపర్‌బ్యాక్‌ల కోసం నవల మీద నవల రాస్తూనే ఉన్నాడు.

డిక్ 1966 నాటి ఒక కథలో క్వెయిల్ అనే మామూలు గుమాస్తా ఉంటాడు. అంగారకుడి మీదికి వెళ్లాలని ఆశ, వెళ్లే స్తోమత లేదు. వెళ్లొచ్చినట్టు జ్ఞాపకాలైనా కొనుక్కుందామనుకుంటాడు. అదే కథ 1990లో ‘టోటల్ రీకాల్’ అయింది, ఆ పాత్ర ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్‌కి వెళ్లింది. ఆ భుజాలు చూశాక ఇతను ఉత్త సామాన్యుడేమో అన్న అనుమానం ఎవరికి వస్తుంది? కథకు ప్రాణం ఆ అనుమానమే.

‘మైనారిటీ రిపోర్ట్’ (1956) మొదట్లోనే పోలీసు అధికారి ఆండర్టన్ తన బట్టతలనీ పొట్టనీ వయసునీ తలుచుకుని కుంగిపోతాడు. తన కుర్చీకి ఎసరు పెడతాడేమోనని కొత్తగా వచ్చిన కుర్రాణ్ని చూసి బెదురుతాడు. 2002లో స్పీల్‌బర్గ్ ఆ చోట టామ్ క్రూజ్‌ని పెట్టాడు. సినిమాగా అది నాకు చాలా ఇష్టం. కానీ కథలో ఆండర్టన్, నేరం జరగకముందే మనిషిని పట్టుకునే, తాను నిర్మించిన వ్యవస్థని కాపాడుకోవడానికి హత్య చేస్తాడు. సినిమాలో ఆ వ్యవస్థే కూలుతుంది. కుర్చీ పోతుందని భయపడే ఉద్యోగి చేయగల పని, తెరమీది వీరుడు చేయలేడు.

‘బ్లేడ్ రన్నర్’ సంగతీ అంతే. 1968 నాటి మూల నవలలో కథానాయకుడు డెకార్డ్‌కి భార్య ఉంది, మేడ మీద ఒక విద్యుత్ గొర్రె ఉంది. ప్రాణమున్న జంతువుని కొనుక్కోవాలన్నది అతని కోరిక. సినిమాలో భార్యా లేదు, గొర్రే లేదు. సినిమా కథనే కొత్త నవలగా రాసిస్తే మంచి సొమ్ము వస్తుందన్నా డిక్ ఒప్పుకోలేదు, తన నవలే మళ్లీ అచ్చవ్వాలన్నాడు. ఆ పట్టుదలకి నేను చేతులెత్తి మొక్కుతాను. సినిమాలోని కొన్ని దృశ్యాలు మాత్రం చూసి సంతోషించాడు. 1982 మార్చిలో, 53 ఏళ్లకే పోయాడు. సినిమా జూన్‌లో విడుదలైంది.

నా దృష్టిలో డిక్ మనుషుల్ని ఉన్నదున్నట్టు చూపిన సినిమా రిచర్డ్ లింక్‌లేటర్ 2006లో తీసిన ‘ఎ స్కానర్ డార్క్‌లీ’. నటులతో చిత్రీకరించి, దాని మీద బొమ్మలు గీయించాడు. మత్తుకి బానిసలైన కుర్రాళ్లు సోఫాలో కూలబడి పనికిరాని వాదనలు చేస్తుంటారు, ఎవరూ వీరుడు కాడు. మత్తు వల్ల చనిపోయిన, చెడిపోయిన తన స్నేహితుల పేర్లు డిక్ మూల నవల చివర రాశాడు, అందులో తన పేరూ చేర్చాడు. సినిమా చివర్లోనూ ఆ జాబితా కనిపిస్తుంది.

డిక్‌ని ఇంకా చదవనివాళ్లు ‘మైనారిటీ రిపోర్ట్’ కథతో మొదలుపెట్టండి. సినిమా ముందే చూసేసినా ఫర్వాలేదు, కథలో మీకు వేరే ఆండర్టన్ ఎదురవుతాడు.