వెతకడం తెలిసిన చెయ్యి

బౌద్ధ తత్వవేత్త నాగార్జునుడి శూన్యవాదం మీద వ్యాసాలు కావాలని అడిగితే మా లైబ్రేరియన్ గారు వెంటనే కీబోర్డు ముట్టుకోలేదు. "శూన్యత అన్న మాటను ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తారో ముందు చూద్దామండీ" అంటూ కాగితం తీశారు. ‘సూన్యత’, ‘శూన్యత’, ‘ఎంప్టినెస్’. వాటి మధ్య ‘ఆర్’ పెట్టి, బ్రాకెట్లో బిగించి, బయట ‘యాండ్’తో నాగార్జునుణ్ణి కలిపారు. ఉత్త ‘నాగార్జున’ అని కొడితే సినిమా నటుడి నుంచి సాగర్ డ్యాం దాకా అన్నీ వచ్చిపడతాయి మరి!

1967లో మొదలైన తత్వశాస్త్ర వ్యాసాల సూచి ‘ఫిలాసఫర్స్ ఇండెక్స్’లో ముందు సారాంశాలు చదివించారు. తర్వాత ‘ఫిల్‌పేపర్స్’ వెబ్‌సైట్‌లో మాధ్యమిక బౌద్ధం విభాగం తెరిచారు. పనికొచ్చే వ్యాసం ఒక్కటి దొరకగానే మాటలు కొట్టి వెతకడం ఆపేశారు. దాని చివరనున్న గ్రంథసూచి పట్టుకుని పాత రచనల్లోకి, దాన్ని ఉదహరించినవాళ్లను పట్టుకుని కొత్తవాటిలోకి వెళ్లారు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. తత్వశాస్త్రం ఒకరికొకరు చెప్పుకుంటూ వచ్చిన జవాబుల వరస. ఆ వరసను ఆవిడ వేళ్లు గుర్తుపట్టాయి.

నేను వారం రోజులు తిరిగినా దొరకనిది గంటలో బల్లమీదకొచ్చింది. పరిశోధన చేసే పిల్లలూ, ఈసారి లైబ్రరీకి వెళ్లినప్పుడు రిఫరెన్స్ బల్ల దగ్గర ఆగి, మీ ప్రశ్న చెప్పండి.